మాటల మూట: "వాలుట"



ఈ నెల పరిశీలింపదలచిన మాట చిన్నది. వాలుట. దీనిని గుఱించి వ్రాయుమని గుడివాడ ప్రాంతమునుండి ఒక సోదరి కోరినది. ఆమె కుమార్తె ఆఱవ తరగతి చదువుచున్నది. బడిలో "మా అమ్మ" అను విషయముపై పది వాక్యములు వ్రాయుమనిరట. ఆ పిల్ల తొమ్మిది వాక్యములు అందఱు పిల్లలు వ్రాయునట్లే వ్రాసి, పదవది మాత్రము "సాయంకాలమునకు మా అమ్మ వాలిపోవును" అని వ్రాసినదట. ఉపాధ్యాయురాలు ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన "అలసిపోవును" అని దిద్ది, పక్షులు వాలును గాని మనుష్యులు వాలరని చెప్పినదట. తనకు వ్యాకరణము రాదనియు, అయినను పిల్ల వ్రాసిన వాక్యము చదివినప్పుడు మనస్సులో ఏదో గుచ్చుకొన్నట్లైనదనియు, దిద్దిన వాక్యము చదివినప్పుడు ఏమియు కాలేదనియు, పిల్ల వ్రాసినది నిజముగా తప్పేనా అనియు ఆ తల్లి అడుగుచున్నది.

తప్పు కాదని ముందే చెప్పివేసెదను. ఎందుకు కాదో చెప్పవలెనన్నచో కొంచెము దూరము పోవలసియుండును.

వాలు అనునది వ్రాలు అను పాతరూపమునుండి వచ్చినది. మొదటి అక్షరము క్రిందనుండు రేఫ వాడుకలో జారిపోవుట తెలుగునకు అలవాటే. ప్రొద్దు పొద్దైనది, క్రింద కిందైనది, మ్రాను మానైనది, త్రాగుట తాగుటైనది. అట్లే వ్రాలుట వాలుటైనది. పద్యములలోను ప్రౌఢవచనములోను వ్రాలు అని యుండును. వంటయింటిలో వాలు అని యుండును. రెండును ఒప్పే. చేవ్రాలు అను మాటలోని వ్రాలునకు దీనితో చుట్టఱికము లేదు. అది వ్రాయుటనుండి పుట్టినది, సంతకమని దాని అర్థము. బందరులో కొంతకాలము ఉద్యోగము చేసిన బ్రౌనుదొర 1852లో వెలువరించిన నిఘంటువు మొదలు, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) వఱకు ఏది విప్పినను వంగుట, క్రిందికి దిగుట, పడుట అను అర్థములచుట్టే ఈ మాట తిరుగుచుండును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. తెలుగులో మఱొక వాలు కూడ ఉన్నది. దానికి కత్తి అనియు, పొడవైనదనియు అర్థములు. కవులు వాలుగన్నులని వర్ణించినప్పుడు అవి వాలిపోయిన కన్నులు కావు, సోగకన్నులు. వాలుజడలోను ఈ పొడవే ఉన్నదని నాకు తోచును. మన కాలువలలోను చెఱువులలోను దొరకు వాలుగచేప పేరు కూడ ఈ కుటుంబములోనిదే కావచ్చును; కత్తివలె పొడవుగా మెఱయుచుండును గదా. జంతుశాస్త్రజ్ఞులు ఆ చేపజాతికి పెట్టుకొన్న వాల్లాగో అను పేరు మన తెలుగు వాలుగయే. చేపలమ్ము ఆమె తట్టలోని మాట శాస్త్రగ్రంథములకెక్కినదన్నమాట. అది యటుండనిండు.

పక్షులు మాత్రమే వాలునన్నది ఎంతవఱకు నిజము? చెట్టుపై చిలుక వాలును, బెల్లముపై ఈగ వాలును, నిజమే. కాని ప్రొద్దు కూడ వాలును. వయసు వాలును. రెప్పలు వాలును. అన్నము వార్చి ఆకులు వేయువేళకు చెప్పకుండ పెట్టకుండ నలుగురు చుట్టములు వచ్చి వాలుదురు. ఈ కడపటి ప్రయోగమును ఎఱుగని గృహిణి బెజవాడ మొదలు బందరు వఱకు ఎక్కడను ఉండదు. వీనియన్నిటియందును ఉన్న సామాన్యార్థ మేమి? పైనున్నది తన బరువుతోనే మెల్లగా క్రిందికి చేరుట. పడుటలో వేగమున్నది, దెబ్బ యున్నది. దిగుటలో ప్రయత్నమున్నది. వాలుటలో ఈ రెండును లేవు. అంతవఱకు రెక్కలాడించి తన్ను తాను నిలుపుకొన్న పక్షి ఆ ప్రయత్నమును మానిన క్షణమున వాలును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో పిల్ల వాక్యములోని సొగసు మనకు తెలియును.

మన భాషలో వాలునకు వాల్చు అను జత యున్నది. వంగునకు వంచు ఉన్నట్లే. తల వంచినది అన్నచో ఆమెయే వంచినది. పెద్దలకు నమస్కరించుటకో, సూదిలో దారమెక్కించుటకో, పుస్తకము చదువుటకో. తల వాల్చినది అన్నను ఆమెయే వాల్చినది. తల్లి ఒడిలోనో, తలగడపైనో. తల వాలినది అన్నచో మాత్రము కర్త మాఱిపోయినది. ఇప్పుడు తలయే కర్త. ఆమె ఏమియు చేయలేదు, ఆమెకు జరిగినది. రెండక్షరముల మాటలో "ల్చ" ఉన్నదా "ల" ఉన్నదా అన్నంతమాత్రముననే ఒక మనిషి ఇష్టము ఉన్నదో లేదో చెప్పగల సౌకర్యము తెలుగునకు కలదు. ఆ పిల్ల "వాలును" అని కూడ అనలేదు, "వాలిపోవును" అన్నది. ఆ "పోవు" చేరినతో ఇక ఆపుట తన చేతిలో లేదని తేలినది. అలసిపోవుట లోపలి సంగతి. ఆ అలసట అమ్మకు తెలియును గాని చూచువారికి తెలియదు. వాలిపోవుట కంటికి కనబడు సంగతి. పిల్ల తాను చూచినదానినే వ్రాసినది. దిద్దినవారు పిల్ల చూడనిదానిని ఆమెచేత చెప్పించిరి.

మన యిండ్లలో ఈ కోవకు చెందిన మాటలు ఇంకను చాల కలవు. ఒకదానికి బదులొకటి వాడరాదు. ఒఱగుట ప్రక్కకు, గోడకు ఒఱగును, స్తంభమునకు ఒఱగును. అయితే నేలకొఱగుట అన్నచో ప్రాణము పోయినదని కూడ అర్థము, కాబట్టి చూచి వాడవలెను. జారగిలబడుట వెనుకకు, వీపు గోడకానించి, కాళ్లు ముందుకు చాపి, నడుము క్రిందికి జార్చి కూర్చుండుట. ఇందులో కొంత సుఖమున్నది, కొంత నిర్లక్ష్యమున్నది. అత్తగారియెదుట కోడలు జారగిలబడదు. చతికిలబడుట నిలువుగా క్రిందికి. మోకాళ్లలో సత్తువ తప్పి ఉన్నచోటనే నేలపై కూర్చుండుట. పరీక్షలో తప్పినవానికిని, వ్యాపారములో నష్టపోయినవానికిని కూడ దీనినే వాడుదురు. కూలబడుట ఇంచుమించు ఇదియే గాని దుర్వార్త విన్నప్పటిది. సోలుట నిద్రమత్తులో ఇటునటు ఊగుట. పురాణము వినుచు తాతగారు చేయు పని. క్రుంగుట లోనికి, సూర్యుడును క్రుంగును, మనస్సును క్రుంగును. వంగుట అన్నిటికంటె మర్యాదైనది. వరినాట్లనాడు మోకాలిలోతు బురదలో ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు వంగి వెనుకకు నడచు స్త్రీలు వాలుటలేదు, వంగుచున్నారు. వారి వెన్ను వారి వశములోనే యున్నది. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించిన తరువాత వాలుదురు.

నాట్లమాట వచ్చినది గనుక పొలమువైపు ఒకమాఱు పోయి వత్తము. వాలు అనగా ఏటవాలు, పల్లము అని కూడ అర్థము గదా. విజయవాడయొద్ద కృష్ణకు కట్టిన మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, దానిస్థానమున కట్టిన ప్రకాశము బారేజి 1957నుండి పనిచేయుచున్నది. అక్కడనుండి బందరుకాలువ, ఏలూరుకాలువ, రైవసుకాలువ మొదలైనవి బయలుదేరి సముద్రమువైపు పోవును. చూచుటకు మన నేల పీటవలె సమముగా నుండును. ఆ కంటికందని వాలును కొలిచి తెలిసికొన్నందుననే నీరు ఊరూరికి పాఱుచున్నది. చూపునకు తెలియని వాలును కనిపెట్టుట ఇంజనీరులకే గాక గృహస్థులకును అవసరమని తరువాత చెప్పెదను.

ఆ నీటితో పండిన వరిచేనిని మన రైతు చూచు తీరు గమనింపుడు. పైరు తల దించినంతమాత్రమున అన్నియు ఒకటే యని అతడనుకొనడు. నీరు చాలక ఆకు చుట్టుకొని దిగాలుపడినచో చేను వాడుచున్నదనును. వెంటనే మడవకు పోయి నీరు పెట్టుకొనును. గింజ పాలుపోసికొని గట్టిపడి వెన్ను వంగినచో చేను పండుచున్నదనును, కొడవలి వెదకుకొనును. గాలివానకో, ఎరువు బలము ఎక్కువై కాడ సన్నగా పొడవుగా పెరిగినందుచేతనో మొదలంటా నేలకు పఱచుకొన్నచో చేను పడిపోయినదనును. నీరు తీసివేసి, నాలుగైదు దుబ్బులను చేర్చి కట్టి నిలబెట్టుటకు మనుష్యులను పిలుచును. మూడు వాలుటలు, మూడు పేర్లు, మూడు మందులు. వాడినదానిని కోయడు, పండినదానికి నీరు పెట్టడు. కార్తికమాసపు తుపానులు మన తీరమునకు క్రొత్తగావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములే పోయినవి, ఇక పైరుల మాట చెప్పనేల. అందుచేత కాడ పడిపోకుండుట ఎంత ముఖ్యమో ఈ ప్రాంతపు రైతునకు ఎవరును నేర్పనక్కఱలేదు. 1966లో ఫిలిప్పీను దీవులలోని పరిశోధనాలయము విడుదల చేసిన ఐ.ఆర్. 8 అను పొట్టి వరి మన దేశమున వ్యాపించుటకు ముఖ్యకారణములలో ఒకటి, అది ఎరువును తట్టుకొని నిటారుగా నిలిచెడిదగుట.

చేనిని ఇంత వివరముగా చదువు మనము ఇంటిలోని స్త్రీ తల వాలియున్నచో ఏమందుము? ఆడుపిల్లయైనచో బుద్ధిమంతురాలందుము. క్రొత్తకోడలైనచో సిగ్గరియందుము. నడివయస్సు దైనచో ఎప్పుడును అదే ముఖమందుము. ముసలిదైనచో వయసు వాలినదందుము. అంతటితో సరి. మందు వెదకము, ఎందుకనగా రోగమని అనుకొనలేదు.

నాట్యశాస్త్రజ్ఞులు ఈ విషయమున మనకంటె జాగ్రత్తగా నున్నారు. భరతుడు శిరోభేదములను పదుమూడు చెప్పెను, నందికేశ్వరుడు అభినయదర్పణములో తొమ్మిది చెప్పెను. క్రిందికి వంచిన తలను నందికేశ్వరుడు అధోముఖమన్నాడు. సిగ్గునకు అదే, ఖేదమునకు అదే, నమస్కారమునకు అదే, మూర్ఛకు అదే. క్రిందనున్న వస్తువును చూపుటకును, నీట మునుగుటకును కూడ అదే. సిగ్గును మూర్ఛను ఒకే శిరస్సుతో చూపవలెనన్నచో నర్తకి ఏమి చేయవలెను? చూపు మార్చవలెను, కనుబొమలు మార్చవలెను, భుజములు మార్చవలెను, ఊపిరి మార్చవలెను. చూచువారును తలను మాత్రమే గాక వానినన్నిటిని చూడవలెను. కృష్ణాజిల్లాలోని కూచిపూడివారు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. సత్యభామ వేషమునకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషుడై యుండియు స్త్రీలే ఆశ్చర్యపడునట్లు స్త్రీ వాలకమును ప్రదర్శించెడివారు. ఈ అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో కలిసి ఇంగ్లీషులోనికి తెచ్చి 1917లో ప్రకటించినవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. చీరాల పేరాల ఉద్యమనాయకుడుగా ఆయనను అందఱు ఎఱుగుదురు గాని ఈ పని చేసినట్లు తెలిసినవారు తక్కువ.

గోపాలకృష్ణయ్యగారు పుట్టినది పెనుగంచిప్రోలు. 1874లో భండారు అచ్చమాంబగారు పుట్టినదియు ఆ యూరనే. ఆమె బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా తానును నేర్చుకొన్నది. తరువాత దేశములోని ఉత్తమస్త్రీల చరిత్రలు వ్రాసినది, బందరులో 1902లో బృందావన స్త్రీసమాజమును స్థాపించినవారిలో ఒకతె అయినది. ఆడుది తల దించుకొని యుండవలెనని కోరిన ఆ కాలపు పెద్దలే, ఆమె పుస్తకముపై తల దించుకొన్నచో మాత్రము సహింపలేకపోయిరి. తల దించుటపై వారికి ఆక్షేపణ లేదు, దేనికొఱకు దించినదన్న దానిపైననే.

ఇక అసలు సంగతికి వత్తును. సాయంకాలమునకు వాలిపోవు తల్లులు ఎందఱు? అలసట ఒక్కటే కారణమైనచో రాత్రి నిద్రతో తెల్లవాఱునప్పటికి తేఱుకొనవలెను. ఉదయము లేచునప్పుడే వాలియున్నచో అది అలసట కాదు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కలదని తేలినది. అనగా ఈ పుట చదువు ప్రతి ఇద్దఱిలో ఒక్కరికంటె ఎక్కువ. గర్భిణులు కాని స్త్రీలకు నూఱు మిల్లీలీటర్ల రక్తములో హీమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గినను, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గినను రక్తహీనత యందురు. నాలుగు మెట్లెక్కగానే ఆయాసము, గుండెదడ, క్రింది కనుఱెప్ప లోపలివైపు తెల్లగా పాలిపోవుట, గోళ్లు పెళుసగుట, చేటలోని పచ్చిబియ్యము ఊరక నోట వేసికొనవలెననిపించుట దీని గుఱుతులు. ఈ బియ్యము తినుటను మన యిండ్లలో చెడ్డ అలవాటని కసరుకొందురు. పెండ్లినాడు వాన వచ్చునని బెదరించుటయు కలదు! అది పలుమాఱు రక్తములోని ఇనుము కొఱతకు గుఱుతు అని వైద్యులు చెప్పుచున్నారు. కసరుటకు మాఱుగా రక్తము పరీక్ష చేయింపవలెను.

ఈ వ్యాధి చరిత్రలో మనవారి పేరొకటి కలదు. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అక్కడి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులు ఎందుకు పాలిపోయి వాలిపోవుచున్నారో పరిశోధించినది. ఇనుముతో తగ్గని ఒకరకపు రక్తహీనత ఈస్టుసారముతో తగ్గుచున్నదని 1931లో ప్రకటించినది. ఆ సారములో నున్నది ఏమో అప్పటికి తెలియదు. తరువాత 1941లో ఆ పదార్థమును పాలకూర ఆకులనుండి వేఱుచేసి, లాటిను భాషలో ఆకునకున్న పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పిలిచిరి. 1945లో దానిని అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. ఆ పరిశోధనను నడపినది భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఇచ్చు మాత్రలో ఇనుమును, ఈ ఫోలిక్ ఆమ్లమును కలిసియుండును. కడుపులో త్రిప్పుచున్నదని వానిని డబ్బాలో దాచువారు చాలమంది కలరు. దాచుటకు బదులు, అన్నము తిన్న తరువాత వేసికొనవచ్చునేమో వైద్యురాలిని అడుగుట మేలు. భోజనమైన వెంటనే కాఫీయో తేనీరో త్రాగినచో ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఉసిరి, నిమ్మ వంటి పులుపు తోడైనచో బాగుగా పట్టును. తోటకూర, గోంగూర, మునగాకు మన పెరటిలోనివే. ఇవి యన్నియు అందఱికి వడ్డించి తుదకు గిన్నె గోకు ఆమె పాలికి ఎంత మిగులునన్నదే ప్రశ్న.

వాలుటకు కారణము రక్తహీనత ఒక్కటియే కాదు. ముసలితనమున ఎముకలు గుల్లబాఱి వెన్నుపూసలు నలిగి వీపు వంగుట వేఱు. దానిని వయసు వాలినదని వదలివేయరాదు, దానికిని పరీక్షలును మందులును కలవు. ప్రసవమైన తరువాత కొన్ని వారములు గడచినను బిడ్డవైపు చూడక, మాటాడక, గోడవైపు తిరిగి యుండు బాలెంతరాలిది మనస్సు క్రుంగుట. దానికి గాలిధూళి పేరు పెట్టి తాయెత్తు కట్టి ఊరకుండుటకంటె వైద్యునికి చూపుట మేలు. రైతు మూడు పేర్లు పెట్టుకొన్నట్లు మనమును వేఱువేఱు పేర్లతో పిలిచినగాని వేఱువేఱు మందులు వెదకము. ఆ పిల్లకు ఈ శాస్త్రమేదియు తెలియదు. కాని ప్రతిదినము సాయంకాలము తాను చూచినదానికి సరియైన పేరే పెట్టినది. ఆ తల్లి ఉపాధ్యాయురాలితో తగవు పెట్టుకొననక్కఱలేదు. ఈ పుటను పిల్లచేత బడికి పంపి, తాను ఆరోగ్యకేంద్రమునకు పోయి రక్తము చూపించుకొన్నచో చాలును.

మఱొక సోదరి వేఱొక చిన్న సందేహము పంపినది. మంచమును వేయుట అనవలెనుగాని వాల్చుట ఏమిటని ఆమె ప్రశ్న. ఇప్పటి చెక్కమంచములు గదిలో ఒకచోట పాతుకొని యుండునవి గనుక ఈ సందేహము వచ్చినది. వెనుకటి నులకమంచములు పగలెల్ల గోడకు చేరవేసి నిలువుగా నిలబెట్టబడియుండెడివి. నడవలో చోటు కావలెను గదా, ధాన్యము పోయుటకు, పిల్లలాడుటకు, భోజనములకు. రాత్రికి దానిని మెల్లగా క్రిందికి వంచి నేలమీద నిలిపెడివారు. అదియే వాల్చుట. పీట వాల్చుటయు అట్టిదే. పీటలును గోడకే ఆనియుండెడివి. నడుము వాల్చుట అను మాటకు మూలమును ఇందే వెదకవలెనని నా యూహ. పగలంతయు నిలువుగా నిలిచినదానిని కొంతసేపు అడ్డముగా చేయుట. ఈ మాటను వాడు తీరులో ఒక వింత కనబడుచున్నది. వీథియరుగుమీద పడకకుర్చీలో మధ్యాహ్నమంతయు గడుపు పురుషుడు తాను నడుము వాల్చితినని చెప్పుకొనడు, పడుకొంటిననును. ఆడువారు మాత్రము "కాస్త నడుము వాల్చి వత్తును" అని ఎవరినో అనుమతి అడుగుచున్నట్లే అందురు. "కాస్త" అన్నది వీడదు. ఆ "కాస్త"కు ఎన్ని నిమిషములో మీ మీ యిండ్లలో గడియారము చూచి వ్రాసి పంపుడు; ప్రకటించెదను.

వచ్చు నెలకు "తీఱిక" అను మాటను తీసికొందును. మీ ప్రాంతమున తీఱిక, తీఱుబడి, సావకాశము అను మూడింటిని ఒకే అర్థమున వాడుదురో, భేదముగా వాడుదురో తెలియజేయగోరెదను. దివిసీమ సోదరీమణుల జాబులు ఇంతవఱకు ఒక్కటియు రాలేదు.